ముందు బెంచీ కోసం ఆగిన డ్రమ్ములు

మా అక్క స్కూలు బస్సు నడుపుతుంది. పిల్లల్ని దింపాక, మళ్లీ ఎక్కించుకునేదాకా దొరికే ఖాళీలో సీటు వీపు మీద పుల్లలతో వాయించుకుంటూ కూర్చుంటుంది. ఆదివారాలు చర్చిలో డ్రమ్ములు ఆమెవే. ఆమె పక్కన బేస్ గిటారు పట్టుకుని నిలబడేది నేను. చిన్నప్పటి నుంచీ ఆమె చెప్పినట్టు వినడం అలవాటే కాబట్టి నాకు కష్టమేమీ లేదు.

మా బ్యాండు ఆ చర్చిలోనే పుట్టింది. పాటలు రాసి పాడేది పాస్టరుగారి అల్లుడు. అతని పాటలు కుర్రకారుకి తెగ నచ్చేశాయి. దాంతో ఆల్బం చెయ్యాలన్న పురుగు మా అందరి బుర్రల్లోనూ దూరింది. అల్లుడు దాన్ని పాప్ రాక్ అన్నాడు. మా అమ్మ గోల అంది. అన్నదే గానీ ప్రతి పాటా ఆవిడకి నోటికొచ్చు.

స్టూడియో బట్టల షాపు మేడ మీద ఉంది. గోడల నిండా స్పాంజి, కిటికీ అన్నది లేదు. అక్క చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, అందులో వినిపించే టిక్ టిక్‌తో కలిసి వాయించమన్నాడు సౌండ్ ఇంజనీరు. చరణం వరకూ బ్రహ్మాండంగా సాగింది. పల్లవి రాగానే అతను చెయ్యెత్తి ఆపాడు.

"మేడమ్, ఇక్కడ మీరు వెనకపడుతున్నారు."

మళ్లీ వాయించింది. మళ్లీ అక్కడే ఆపాడు. పాట మార్చినా అంతే. నాకు ఒళ్లు మండింది. మా అక్క వెనకపడిందనే మగాడు ఇంకా పుట్టలేదనుకున్నాను. అద్దం అవతల ఇంజనీరు కూర్చునే గదిలోకి వెళ్లి విన్నాక తెలిసింది, పుట్టాడు, పైగా నిజమే చెబుతున్నాడు.

సాయంత్రానికి ఇంజనీరు మెల్లగా విషయానికొచ్చాడు. డ్రమ్ములు మిషన్‌తో పెట్టేస్తే గొడవ వదిలిపోతుందట. అల్లుడు కాసేపు నీళ్లు నమిలాడు.

"అక్కా, కవర్ మీద మీ పేరు ఎలాగూ ఉంటుంది..."

"వాయించనిదానికి పేరెందుకు బాబూ?" అంది అక్క. "ఒక్కసారి అవకాశం ఇవ్వండి. అప్పటికీ కుదరకపోతే మిషనే పెట్టుకోండి, నా పేరు మాత్రం తీసెయ్యండి."

ఇంటికొచ్చాక వంటింటి గడపలో కూలబడి అమ్మతో మొత్తం చెప్పింది. ఆ చెప్పడంలోనే అసలు సంగతి తనకీ తట్టింది. చర్చిలో ముందు బెంచీ అమ్మది, అమ్మ స్నేహితురాళ్లది. పల్లవి వచ్చేసరికి వాళ్లు సాగదీస్తారు. పెద్దవాళ్లు, ఆయాసపడుతున్నారు, వదిలేసి ఎలా పోతామని అక్క ఏళ్ల తరబడి అక్కడ చెయ్యి నెమ్మది చేస్తూ వచ్చింది. ఇప్పుడు బెంచీ ఎదురుగా లేకపోయినా చెయ్యి మాత్రం ఆగుతోంది.

అమ్మ పొయ్యి కట్టేసి ఇటు తిరిగింది.

"మా కోసం నువ్వు ఆగడమేమిటే? నీ కోసమే కదా మేం సాగదీసేది."

"నా కోసమా?"

"వారమంతా ఆ బండి నడిపి నడిపి చేతులు పడిపోయాయేమో, పల్లవి రాగానే పిల్ల నీరసపడుతోందని. కాస్త నెమ్మదిగా పాడదామని మేమంతా ఎప్పుడో అనుకున్నాం."

నాకు నవ్వాగలేదు. అక్క కూడా ముందు నవ్వింది, ఆ వెంటనే కోపం తెచ్చుకుంది. ఎవరికీ అక్కర్లేని జాలి ఒకళ్ల మీద ఒకళ్లు కురిపించుకుని, చర్చి మొత్తాన్నీ ఇన్నేళ్లు ఈడ్చుకొచ్చారు ఇద్దరూ.

"సెలవు రోజున మీ బెంచీ అంతా నాతో రండి. పల్లవి మీరే పాడాలి, మీరు సాగదీయకపోతే నా చెయ్యీ ఆగదు" అంది అక్క.

స్కూలు వాళ్లని అడిగి బస్సే తెచ్చింది. ముందు బెంచీ అమ్మలు, పెద్దమ్మలు మేడ మెట్లన్నీ ఎక్కి, స్టూడియోలో ఫ్యాన్ లేదని ఇంజనీరుని కడిగేసి, హెడ్‌ఫోన్లు జడల మీద సర్దుకుని నిలబడ్డారు. కుదరకపోతే పెట్టడానికి మిషన్ డ్రమ్ముల ట్రాక్ సిద్ధంగానే ఉంది. అల్లుడు నా వైపు చూడటం మానేశాడు.

అక్క పుల్లలెత్తి వాళ్ల వైపు తిరిగింది.

"ఈరోజు నేను మీ కోసం ఆగను. మీరూ నా కోసం ఆగొద్దు. నాకు ఏ నీరసమూ లేదు."

"మాకు మాత్రం ఉందా?" అంది అమ్మ.

చరణం అయింది. పల్లవి వచ్చింది. అక్క చెయ్యి ఆగలేదు. అమ్మ గొంతు సాగలేదు. టిక్ టిక్‌కి వెంట్రుకవాసి తేడా లేకుండా అందరి గొంతులూ ఒక్కసారిగా లేచాయి. ఆ పాటలో అంత జోరుందని రాసిన అల్లుడికే తెలియదు, నోరు తెరుచుకుని అక్క వైపు చూస్తూ తన లైను పాడటం మరిచిపోయాడు. వాయిస్తున్న నా ఒళ్లు ఝల్లుమంది. మా అక్క నాకు అక్క అయినందుకు అంత గర్వం నాకు ఎప్పుడూ కలగలేదు.

పాట ఆగాక మైకులో ఇంజనీరు గొంతు వినిపించింది.

"మిషన్ ట్రాక్ చెరిపేస్తున్నాను మేడమ్. అల్లుడుగారిది మాత్రం మళ్లీ తీసుకోవాలి."

అమ్మలందరూ అల్లుడి వైపు తిరిగారు.

"పర్లేదు బాబూ, నీ కోసం ఆగుతాంలే" అంది అమ్మ.

"ఎవరూ ఆగక్కర్లేదు" అని అక్క పుల్లలు మళ్లీ ఎత్తింది. ఆ రోజు మొదలుపెట్టి అన్ని పాటలూ పూర్తి చేసింది. మా ఆల్బంలో వినిపించే ప్రతి దెబ్బా మా అక్కదే.