మా ఇంటి ముందు కూర్చున్న బండి

మా ఊళ్లో ఏ బండైనా నిలబడి ఉంటుంది, లేదా పోతూ ఉంటుంది. కూర్చునే బండి మాత్రం మా ఒక్కరికే ఉంది. పొద్దున తలుపు తీస్తే దాని పొట్ట నేలకు ఆనుకుని, చక్రాలు లోపలికి ముడుచుకుని కనిపిస్తుంది. ఆ రకం బండ్లకు ఇనుప స్ప్రింగులు ఉండవట. రబ్బరు సంచుల్లో గాలి నింపి దాని మీద బండిని నిలబెడతారట. రబ్బరు పాతబడి పగిలితే గాలి పోతుంది, బండి కూర్చుంటుంది. ఇదంతా నాకు తెలియాల్సిన సంగతేనా? అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు ఉడకబెట్టి పెట్టేదాన్ని, ఈ బండి పుణ్యమా అని సగం మెకానిక్కునయ్యాను.

మా ఆయన నందికొట్కూరు చుట్టుపక్కల గ్రావెల్ తోలుతాడు, చిన్న చిన్న రోడ్డు పనులు చేస్తాడు. పనులు ఇప్పించేది కర్నూల్లో ఉండే ఒక నాయకుడు. ఆయన ఇంటి దగ్గర ఒక పద్ధతి ఉంది. మోటారుసైకిల్ మీద వచ్చినవాళ్లు గేటు బయట వేపచెట్టు కింద నిలబడాలి. పెద్ద బండిలో వచ్చినవాళ్లకు గేటు దానంతటదే తెరుచుకుంటుంది. మా ఆయన ఏళ్ల తరబడి ఆ వేపచెట్టు కింద నిలబడ్డాడు. చివరికి పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, బెంగళూరు పోయి ఎవరో వాడి వదిలేసిన పెద్ద బండిని కొనుక్కొచ్చాడు. కొండలైనా గుట్టలైనా ఎక్కుతుందట. కొత్తది కావాలంటే మా ఊరు సగం అమ్మాలి.

"ఏనుగు బతికినా వెయ్యే, సచ్చినా వెయ్యే మే" అన్నాడు దిగుతూనే.

"మేత ఎవురు పెడ్తారు?" అన్నాను.

నవ్వాడు. వచ్చే దారిలో గుడి దగ్గర చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించుకుని, ఆదివారం మా చర్చి ముందు పెట్టి పాస్టరుగారి చేత బానెట్ మీద చెయ్యి వేయించి ప్రార్థన చేయించాడు. ఏ దేవుడికీ కోపం రాకూడదని ఆయన జాగ్రత్త.

నిజం చెప్పాలంటే ఆ మొదటి రోజుల్లో నాకూ సంతోషంగానే ఉండింది. గేటు తెరుచుకుందట. లోపల సోఫాలో కూర్చోబెట్టి టీ ఇచ్చారట. రోడ్డు పని ఒకటి చూద్దామన్నారట. ఆ రోజు అన్నం రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

తర్వాత స్టీరింగు వెనకాల లైట్లు వెలగడం మొదలైంది. పసుపుది వెలిగితే "అది ఊరికే" అనేవాడు. నందికొట్కూరు మెకానిక్కులు బానెట్ ఎత్తి చూసి, "దీనికి కంప్యూటర్ పెట్టాలన్నా, మాతో గాదు" అని మళ్లీ దించేసేవాళ్లు. చిన్న రబ్బరు ముక్క కావాలన్నా బెంగళూరు నుంచి రావాలి. మామూలు కారుకు నాలుగు టైర్లు వచ్చే డబ్బుకు దీనికి ఒకటి వస్తుంది. ఒకరోజు ఎర్ర లైటు వెలిగింది. ఇంజను చుట్టూ తిరిగే ప్లాస్టిక్ పైపులు ఎండిపోయి చిట్లి, నీళ్లు కారుతున్నాయి. కర్నూల్లో పెద్ద గ్యారేజీ అతను పైపుకు అతుకు వేసి, మేమిచ్చే రంగు కూలెంట్ తప్ప ఇంకేమీ పోయవద్దన్నాడు. ఆ క్యాను ధర విని మా ఆయన మొహం మాడ్చుకుని వచ్చాడు.

"ఇంజనుకు కావాల్సింది సల్లగుండే నీళ్లే గదా. మన బోరు నీళ్లకంటే మంచివి యాడుండాయి?"

ఆ మాట మా ఊళ్లో ఎవరైనా ఒప్పుకుంటారు. ఆ బోరున్నది నా జీతంలో మిగిల్చి, నా పేరు మీద కొన్న ఎకరంలో. మా మామగారు బతికుండగా పట్టుబట్టి బోరు వేయించారు. మొదట వేసినవాటిలో దుమ్మే లేచింది. ఆఖరిదాంట్లో నీళ్లు పడ్డాయి, అవీ తీపి నీళ్లు. ఊరి నీళ్లు తాగితే పళ్లు గారపడతాయి. అందుకే ఊరంతా బిందెలు పట్టుకుని మా చేనికే వచ్చేది. నేను ఎవరినీ ఏనాడూ వద్దనలేదు. "తీస్కోమ్మా, నీళ్లకు లేదంటారా ఎవురన్నా" అనేదాన్ని. మా సీమలో పెరిగినవాళ్లకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. దారిలో ఎవరి బండి పొగలు కక్కుతున్నా, మాకు తాగడానికి ఉన్నా లేకున్నా చెంబుతో పరిగెత్తుతాం. మా ఆయన కూడా అలాగే, డిక్కీలో ఎప్పుడూ ఒక క్యాను పెట్టుకుని, లైటు వెలిగినప్పుడల్లా మా బోరు నీళ్లు పోస్తూ వచ్చాడు.

ఎండాకాలంలో కడపకు పోతుంటే దారిలో బండి ఆగిపోయింది. లారీ మీద గ్యారేజీకి తెచ్చారు. నేనూ పోయాను. ఆ గ్యారేజీ అతనే ఇంజను విప్పి చూపించాడు. లోపలి దారులన్నీ తెల్లగా గడ్డకట్టి ఉన్నాయి. మా ఇంట్లో నీళ్లు కాచే డేగిసా అడుగు అచ్చం అలాగే ఉంటుంది.

"ఏం నీళ్లు పోసినారప్పా?"

"మంచి నీళ్లే. తీపి నీళ్లు."

మా నేల కిందంతా నాపరాయి. నీళ్లు ఎంత తీపివైనా అందులో సున్నం ఉంటుంది. మనిషి కడుపు ఓర్చుకుంది, ఇంజను ఓర్చుకోలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఇంజను మళ్లీ కట్టాలంటే అమ్మడానికి మా దగ్గర ఉన్నది ఆ ఎకరం ఒక్కటే. నెల రోజులు కొట్లాడుకున్నాం.

"బండి లేకుంటే ఆ గేటు లోపలికి పోలేను మే. ఆ రోడ్డు పని వస్తే పక్క చేను గూడా నీ పేరు మీదే కొంటా."

"రాకుంటే?"

గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ వీపు చూడలేక సంతకం పెట్టాను. కొన్నది పక్క చేను రైతే. రిజిస్ట్రారు ఆఫీసు మెట్లు దిగుతుంటే నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

బండి వచ్చింది. చప్పుడు లేకుండా నడిచింది. తెల్లబట్టలు వేసుకుని మా ఆయన కర్నూలుకు బయల్దేరాడు. నాకూ అక్కడ పనుండి ఎక్కాను. గేటు తెరుచుకుంది. సరిగ్గా గేటు మధ్యలో వాచ్‌మన్ ఆపి పేరు అడుగుతుంటే, కింద నుంచి బుస్సుమని చప్పుడొచ్చింది. వెనక వైపు దిగింది. తర్వాత ముందు వైపు దిగింది. వేపచెట్టు కింద నిలబడ్డవాళ్లందరూ తలలు తిప్పి చూశారు.

"ఏమప్పా, తీయ్ బండి. సారు బయటికి పోతాండాడు."

మా ఆయన ఏదో బటన్ నొక్కుతూనే ఉన్నాడు. వెనక హారన్లు మోగుతున్నాయి. నలుగురు తోసినా కదల్లేదు. నాయకుడు వెనక గేటు నుంచి వెళ్లిపోయాడు. ట్రాక్టరు తెచ్చి తాడు కట్టి లాగారు. కొన్నప్పుడు కొండలెక్కుతుందన్న బండి గేటు దాటలేకపోయింది. లోపల ఏసీ చల్లగా వస్తూ ఉంది, మా ఆయన చొక్కా మాత్రం తడిసి ముద్దయింది. నేను ఆయన మొహం చూడలేదు. ఆ రోడ్డు పని ఇంకెవరికో పోయింది.

ఇప్పుడది మా ఇంటి ముందు కూర్చుని ఉంది. కొంటామని వచ్చినవాళ్లు చుట్టూ తిరిగి చూసి, మంచినీళ్లు తాగి వెళ్లిపోతారు. మా ఆయన రోజూ బట్ట పట్టుకుని దాన్ని తుడుస్తాడు. "దుడ్లు పెట్టి ఆ సంచులు మార్పిస్తే లేస్తాది" అంటాడు. నాకు నమ్మకం లేదు. ఆయనకూ లేదనే అనుకుంటాను.

సాయంత్రం బిందె తీసుకుని ఆ బోరు దగ్గరికే పోతాను. కంచె వేశారు, చిన్న దారి వదిలారు. మొదటిరోజు ఏమని అడగాలో తెలియక కంచె దగ్గరే నిలబడ్డాను. కొన్నాయన భార్య మిరపచెట్ల మధ్య కలుపు తీస్తూ, తల కూడా ఎత్తకుండా అంది.

"తీస్కోక్కా, నీళ్లకు లేదంటారా ఎవురన్నా."

ఆమె మంచిగానే అంది. నేను బిందె నింపుకుని ఇంటికొచ్చాను. మా ఆయన బండి ముందర నిలబడి ఉన్నాడు, చేతిలో పొడి బట్ట.

"ఒక చెంబు నీళ్లియ్యి మే. అద్దం తుడుస్తా, శానా దుమ్ము పట్టిండాది."

"లేవు" అన్నాను.

నా భుజం మీద బిందె నిండుగా ఉంది, నీళ్లు ఒలికి రవిక తడుస్తోంది. ఆయన చూస్తూనే ఉన్నాడు. నీళ్లకు లేదనడం నా జన్మలో అదే మొదలు.