కమాన్ల జీపు, అద్దాల బండి

గ్రామీణ నీటి సరఫరా పనులు చూసే డిప్యూటీ ఇంజనీరుగా నేను మార్కాపురంలో చేరింది ఒక ఏప్రిల్ నెలలో, ఉద్యోగ విరమణకు ఇంకా ఆరేళ్ళు ఉన్నాయనగా. ఆ కుర్చీ చాలాకాలంగా ఖాళీగా ఉంది. అడిగి మరీ వేయించుకున్నానని తెలిసి ఆఫీసులో గుమాస్తాలు నన్ను ఎగాదిగా చూశారు. ఎండాకాలం మొదట్లో, నీటికరువున్న పడమటి ప్రకాశం జిల్లాకు నీళ్ళ ఇంజనీరుగా కోరి వచ్చేవాడికి తలకాయైనా తిరిగి ఉండాలి, వెనక అడిగేవాళ్ళైనా లేకుండా ఉండాలి. నాది రెండో రకం. అంతకు ముందటేడు నా భార్య పోయింది. పిల్లలు లేరు. ఏ ఊరైనా ఒకటే అనిపించిన రోజుల్లో ఎవరూ వెళ్ళని ఊరు అడిగాను.

సబ్‌డివిజన్‌కు అప్పుడు రెండు బండ్లు ఉండేవి. ఒకటి పాత డీజిల్ జీపు. రెండోది వేరే పథకం మూతపడ్డాక మాకు బదిలీ అయి వచ్చిన తెల్లబండి. అదీ కొత్తదేం కాదు, కానీ జీపు పక్కన పెళ్ళికొడుకులా ఉండేది. రెండిటిలోనూ ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పే ఏర్పాటు ఉంది. డ్రైవరు మాత్రం ఒక్కడే, మస్తాన్. పై అధికారి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగారు, మేం ఈఈ అంటాం, నన్ను పిలిచి ఒక బండికే డీజిల్ మంజూరవుతుందనీ, రెండిటినీ ఒకే దారిలో చెరొక నెలా తిప్పి చూసి, ఏది ఉంచాలో ఏది కండెం చెయ్యాలో రాసివ్వమనీ చెప్పారు. కండెం చెయ్యడమంటే బండి ఇక పనికిరాదని ధ్రువీకరించి వేలానికి పంపడం. నేను చదివింది మెకానికల్ కాబట్టి ఈ పని నాకే పడింది.

మొదటి నెల జీపు. దాని అడుగున ఇనప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన కమాన్లు ఉంటాయి. బరువు మోయడానికి అంత గట్టివి ఇంకేవీ లేవు. మనిషిని మోయాలన్న ఆలోచన మాత్రం చేసినవాడికి వచ్చినట్టు లేదు. ఖాళీగా పోతే ప్రతి రాయినీ వెన్నుపూసకు విడివిడిగా పరిచయం చేస్తుంది. తలుపులు లేవు, పైన గుడ్డ టాపు. తర్లుపాడు దాటేసరికి కనుబొమ్మలు ఎర్రమట్టితో నిండేవి. నాకు అప్పటికే నడుములో డిస్కు జారి ఉంది. ఒంగోలు డాక్టరు జీపు ఎక్కొద్దని చెప్పాడు. నడుముకు బెల్టు బిగించుకుని ఎక్కాను.

నమ్మకం విషయానికొస్తే జీపు వారానికొకసారి ఏదో ఒక పేచీ పెట్టేది. డీజిల్ గొట్టంలో గాలి చేరితే ఇంజను ఆగిపోతుంది. అప్పుడు చేతిపంపు లాంటి చిన్న మీట కొట్టి గాలి బయటకు తీయాలి. సెల్ఫు పనిచెయ్యకపోతే నలుగురు తోయాలి, అందుకని మస్తాన్ ఎప్పుడూ ఏటవాలు చూసి ఆపేవాడు. రేడియేటరు వేడెక్కితే నీళ్ళు పొయ్యాలి. ఇన్ని రోగాలున్నా ఒక్కసారి కూడా దారిలో వదిలెయ్యలేదు. దగ్గుతూ మూలుగుతూ ఇల్లు చేర్చేది. ఏది పోయినా రోడ్డు పక్కనే విప్పి బిగించుకోవచ్చు. గిద్దలూరులో దొరకని సామాను దానికి లేదు.

ఇంకో సంగతి ఏమిటంటే, జీపు ఖాళీగా పోయేది కాదు. పుల్లలచెరువు దాటి నల్లమల వైపు వెళ్ళే పల్లెలకు బస్సులు తక్కువ. దాని ఇంజను చప్పుడు మైలు దూరం నుంచే వినిపించేది. మేం చేరేసరికి రోడ్డు మీద ఎవరో ఒకరు చెయ్యెత్తి నిలబడి ఉండేవాళ్ళు. సర్కారు బండిలో బయటి మనుషుల్ని ఎక్కించకూడదని రూలు. ఆ రూలు అందరికీ తెలుసు, ఎక్కేవాళ్ళకు కూడా. వెనక రెండు బల్లల మీదా మనుషులు, కాళ్ళ మధ్య మేకపిల్లలు, మిరపకాయ మూటలు. వాళ్ళు ఎక్కిన తర్వాత కమాన్లు కాస్త కుదురుకుని నా నడుముకూ సుఖంగా ఉండేది.

వాళ్ళలో కాశిరెడ్డి అని ఒక పెద్ద రైతు. అడవి అంచున చివరి పల్లె ఆయనది. నాకంటే పదేళ్ళు పెద్ద, మనిషి సన్నం, నోరు పెద్దది. ఆయన ఎక్కితే ఆ దారిలో ఏ పల్లెలో ఏ బోరింగు బిగిసిందో, ఎక్కడ నీళ్ళు రంగు మారాయో, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయిందో అన్నీ ఒకే వరసలో వచ్చేవి. మా ఊళ్ళలో చేతిపంపును బోరింగు అంటారు. నేను అందులోంచి బోరింగులు ఏరుకుని మా సిబ్బందికి చెప్పేవాణ్ణి. నిజం చెప్పాలంటే కోడళ్ళ సంగతులు కూడా చెవులు రిక్కించి వినేవాణ్ణి. సాయంత్రం నా అద్దె ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంటే మళ్ళీ పొద్దున ఆ జీపు ఎక్కేదాకా నాతో మాట్లాడే ప్రాణి లేదు. ఒకనాడు ఆయన నన్ను భోజనం ఎవరు వండుతారని అడిగాడు. నేనే అన్నాను. ఉప్పు ఎక్కువైనా ఒకటే తక్కువైనా ఒకటే అయ్యుంటదిలే సారూ అన్నాడు. అంత సరిగ్గా నా సంగతి ఎవరూ చెప్పలేదు.

రెండో నెల తెల్లబండి. ఇందులో పట్టీలకు బదులు చుట్టలు తిరిగిన స్ప్రింగులు. స్టీరింగు వేలితో తిరుగుతుంది. అద్దాలెత్తి ఏసీ వేసుకుంటే బయట ఎండ సినిమాలో ఎండ లాగా ఉంటుంది. నడుము నొప్పి వారంలో సగానికి సగం తగ్గింది. రిపేరు ఒక్కటే వచ్చింది. ఏదో తీగ చివర చిన్న సెన్సారు పోయి బండి ఉన్నచోట ఉన్నట్టు ఆగిపోయింది. మస్తాన్ బానెట్ ఎత్తి చూసి మళ్ళీ దించాడు, అంతే. ఒక లారీకి కట్టి ఒంగోలు లాక్కుపోవాల్సి వచ్చింది. అయినా లెక్క ప్రకారం జీపు కంటే ఇదే తక్కువసార్లు చెడిపోయింది. సుఖంలో అయితే పోలికే లేదు.

కానీ ఆ నెలంతా దారిలో ఒక్క చెయ్యీ లేవలేదు. ఎండలు ముదిరాయి, జనం పొలాలకు పోవడం లేదేమో అనుకున్నాను. పల్లెల్లోకి పోతే వాకిళ్ళు బోసిగా ఉండేవి. బోరింగుల సంగతి చెప్పినవాళ్ళు లేరు కాబట్టి అన్నీ బాగానే ఉన్నట్టు. వెనక సీట్లో మెత్తగా కూర్చుని మస్తాన్ వీపు చూస్తూ పొయ్యేవాణ్ణి. అతను స్వతహాగా మాట్లాడేవాడు కాదు. ఇంట్లోని నిశ్శబ్దమే బండెక్కి నాతో వస్తున్నట్టు ఉండేది. భార్య పోయిన కొత్తలో కూడా నాకు అంత ఒంటరిగా అనిపించలేదు.

ఆ నెలాఖరులో కాశిరెడ్డి పల్లెకు వెళ్ళాం. వీధిలో కుక్క తప్ప ఎవరూ లేరు. ఎందుకో దిగి బోరింగు దాకా నడిచి చేతులతో కొట్టి చూశాను. పిడి గాలిలో ఊగినట్టు తేలిగ్గా లేచింది, దిగింది. లోపల కడ్డీ తెగిపోయిందన్నమాట. చుట్టూ అడుసు ఎండి పగుళ్ళు విచ్చి ఉంది. పగుళ్ళు ఆ స్థాయికి రావాలంటే చుక్క నీరు పడి చాలా రోజులు అయి ఉండాలి. అక్కడి నుంచి పొలాల వైపు చూస్తే దూరంగా ఒక బావిగట్టు దగ్గర ఆడవాళ్ళు బిందెలతో నిలబడి ఉన్నారు. నేను అటు నడిచాను. పైపులోంచి నీళ్ళు రావడం లేదు. సగం నిండిన బిందె ఒకటి పైపు కిందే ఉంది. నన్ను చూసి అందరూ కొంగులు సర్దుకున్నారు. అంతలో మోటారు గది వెనక నుంచి కాశిరెడ్డి వచ్చాడు, చేతిలో చివర వంకీ కట్టిన పొడుగాటి వెదురు బొంగు.

"మీరా సారూ? కరెంటోళ్ళు అనుకున్నాం. తెల్లబండి అద్దాలెత్తుకొని వచ్చిందంటే వాళ్లే. మీరు వచ్చిన ప్రతిసారీ కొక్కేలు పీకేసి సేలల్లోకి పోయినాం."

కరెంటు తీగల మీద దొంగ కొక్కెం వేసి మోటారు ఆడించడం తప్పని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. బోరింగు పోయిన దగ్గర్నుంచి ఆ మోటారు నీళ్ళే ఊరంతటికీ గతి. పల్లెలో ఫోను సిగ్నల్ లేదు. పంచాయతీ కార్యదర్శి నాలుగు ఊళ్ళకు ఒక్కడు. మరి మార్కాపురం వచ్చి నాకు చెప్పొచ్చు కదా అని అడిగాను.

"దానికెందుకు సారూ పనులు చెడగొట్టుకొని రావడం? ఇయ్యాలో రేపో మీ జీపే వస్తదని సప్పుడు కోసం సూస్తాన్నాం."

నేను ఆ నెలలో మూడుసార్లు ఆ ఊరు వచ్చి పోయాను. నేను వచ్చిన మూడుసార్లూ వాళ్ళకు ఉన్న ఆ కాస్త నీళ్ళు కూడా ఆగిపోయాయి. మర్నాడే మనుషుల్ని పంపి కడ్డీ మార్పించాను.

ఇక ఏది ఉంచాలన్నది నా మనసులో తేలిపోయింది. జీపు. నడుము నాది, నా ఇష్టం. రాయడానికి కూర్చునే ముందు పద్ధతి ప్రకారం జీపును జాకీల మీద ఎత్తి అడుగుకు దూరాను. తీగల బ్రష్షుతో మట్టి గీకి, ఛాసిస్ అంటే బండికి వెన్నెముక లాంటి పొడుగాటి ఇనప దూలాల మీద కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్ద రాశాను. చీలిక ఉంటే అందులో దాగిన నూనె సుద్దలోకి ఊరి నల్లగా గీత కడుతుంది. వెనక కమాను తగిలించే చోట కుడివైపు గీత కట్టింది. సరిగ్గా వెనక బల్లల కింద.

మస్తాన్ కూడా వంగి చూశాడు. మామూలుగా నోరు విప్పనివాడు ఆ రోజు విప్పాడు.

"వెల్డింగు పెట్టిద్దాం సారూ. ఇంకో రెండేళ్ళు యాడికీ పోదు. జీపు లేకపోతే మీకు పొద్దు పోదు."

నాకూ అదే మాట అనాలని ఉంది. వెల్డింగు పెట్టించవచ్చు కూడా. అయితే అతుకు వేసినచోటు గట్టిపడి దాని పక్కన మళ్ళీ చీలుతుంది, అదీ బరువు మీద ఉన్నప్పుడు, గతుకులో పడ్డప్పుడు. ఖాళీ జీపు నేనే నడుపుకుంటే నా ఒక్కడితో పోతుంది, ఆ మాటకు నేను భయపడలేదు. కానీ ఆ జీపు ఖాళీగా పోదు. ఎవరి కోసం దాన్ని ఉంచాలనుకున్నానో వాళ్ళు కూర్చునేది ఆ చీలిక మీదే. జీపును కండెం చెయ్యాలని రాసి, సంతకం పెట్టకుండా రెండు వారాలు ఆ కాగితాన్ని సొరుగులో ఉంచాను. రోజూ తీసి చూసి మళ్ళీ లోపల పెట్టేవాణ్ణి.

ఆ రోజుల్లోనే తెల్లబండి పైన ఒక క్యారియరు బిగించాం. దాని మీద రెండు బోరింగు కడ్డీలు, బండి వెనక్కు పొడుచుకు వచ్చేలా కట్టి, చివర ఎర్రగుడ్డ. కరెంటువాళ్ళు బోరింగు కడ్డీలు మోసుకు తిరగరు కదా. కాశిరెడ్డికి చూపించి దారిలో అన్ని పల్లెలకూ చెప్పమన్నాను. ఇక అద్దాలు దించే తిరిగాను, ఏసీ ఆపించాను. ఊరి మొదట్లోనే దిగి నడిచి వెళ్ళేవాణ్ణి. పది రోజుల్లో ఎర్రగుడ్డ చూసి జనం రోడ్డు మీదకు రావడం మొదలైంది. అప్పుడు సంతకం పెట్టాను. ఈఈగారు చదివి, ఇంత పాతబండికి ఇంత పరీక్ష ఎందుకయ్యా, ముందే రాసిస్తే సరిపోయేది కదా అన్నారు. జీపు వేలంలో పాతసామాన్లవాడికి పోయింది.

వచ్చిన జనం బోరింగుల సంగతి చెప్పేవాళ్ళు. కిటికీ దగ్గర నిలబడి చెప్పి, దణ్ణం పెట్టి పక్కకు తప్పుకునేవాళ్ళు. ఎక్కమంటే ఎక్కేవాళ్ళు కాదు. గుడ్డ సీట్లు, శుభ్రంగా ఉన్నాయి. ఒకసారి మిట్టమధ్యాహ్నం కాశిరెడ్డి మూటతో నిలబడి కనిపిస్తే తలుపు తెరిచి రమ్మన్నాను. ఆయన సీటు వైపు చూశాడు, తన పంచె వైపు చూసుకున్నాడు.

"వద్దులే సారూ, మట్టి అయితది. ఆటో వస్తాది, పోండి."

తలుపు తనే మూశాడు, చప్పుడు కాకుండా, నెమ్మదిగా.

ఈ రంగంలోకి వచ్చే చిన్న ఇంజనీర్లకు నేను చెప్పేది ఇంతే. పాతబండ్లలో సుఖం, నమ్మకం పోల్చేటప్పుడు కాగితంలో ఎన్ని గళ్ళున్నా, ఆ బండి చేసే పనుల్లో గళ్ళకు ఎక్కనివి కొన్ని ఉంటాయి. అవేమిటో కనుక్కుని, వాటికి వేరే ఏర్పాటు చేసి, ఆ తర్వాతే కండెం కాగితం మీద సంతకం పెట్టాలి. నేను అలాగే చేశాను. నేనున్న ఆరేళ్ళలో ఆ దారిలో ఏ బోరింగు పోయినా నాకు వెంటనే తెలిసింది. దారి పొడుగునా నాతో మాట్లాడే మనిషి మాత్రం మళ్ళీ దొరకలేదు. అది శాఖ చూడవలసిన అవసరం కాదు కాబట్టి దానికి ఏ ఏర్పాటూ చెయ్యలేదు.