రాకాసి గుళ్ల పవర్‌హౌస్

కోదాడ దగ్గరి చిలుకూరు శివారులో గొర్లు కాసే బీరన్నకు సర్కారంటే ఒళ్లుమంట. కరెంటు ఇవ్వలేదనో, బోరు వేయలేదనో కాదు. చరిత్ర దాచిపెట్టిందని! ఊళ్లో అందరూ నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వారు, వినడానికైనా ఒక్కడు నిలబడొద్దూ? అదీ లేదు. ఆయన నోరు తెరిస్తే చాలు, సగం టీ గ్లాసులోనే వదిలి లేచిపోయేవాళ్లు.

ఈ పిచ్చి ఆయనకు ఎనభై ఆరులో మిర్యాలగూడ స్టేషన్ బయట పట్టుకుంది. పొట్టేళ్లు అమ్మడానికి వెళ్లినవాడు, కాషాయం కట్టిన ఒకాయన మైకులో చెబుతుంటే నిలబడి విన్నాడు. మన తాళపత్రాలు ఎత్తుకుపోయి తెల్లవాళ్లు విమానాలు చేశారట. మన సిద్ధులు మంత్రం చదివితే కొండలే లేచేవట. ఆ సంగతి బయటికి పొక్కకుండా సర్కారు తొక్కిపెట్టిందట. బీరన్నకు ఒళ్లు జలదరించింది. ఎందుకు జలదరించదు? తన మంద మేసే గుట్ట కిందే ఉన్నాయి కదా రాకాసి గుళ్లు! గుండ్రంగా పాతిన బండలు, నడుమ నిలబెట్టిన పలకలు, వాటి మీద ఊరంతా కలిసి పట్టినా కదలని మూతబండ. రాక్షసులు కట్టారని ముసలివాళ్లు అనేవాళ్లు. రాక్షసులూ లేరు, గీక్షసులూ లేరు, సిద్ధులు బండల్ని గాల్లో తేల్చి కట్టిన పవర్‌హౌస్ అది అని బీరన్న అక్కడికక్కడే తేల్చేశాడు.

ఇక చూడండి! పెళ్లికి వెళ్లినా అదే మాట, చావుకు వెళ్లినా అదే మాట. భార్య సత్తమ్మ తల పట్టుకునేది. "నీ సిద్ధులు సల్లగుండ, ఆ నల్లగొర్రె పొద్దుగాల్నించి కుంటుతున్నది, జర సూడయ్యా!" అని మొత్తుకునేది.

తొంభై మూడులో నిజంగానే నెత్తి మీదికి వచ్చింది. రోడ్డు కంకర కోసం ఆ గుట్టను, కింద ఉన్న బండలతో సహా, ఒక కాంట్రాక్టరుకు ఇచ్చేశారు. క్రషర్ కూడా వచ్చి కూర్చుంది. బీరన్నకు అన్నం సయించలేదు. మందను సత్తమ్మకు వదిలేసి కోదాడలో, సూర్యాపేటలో ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు. ఎక్కడికి వెళ్లినా సిద్ధులు, పవర్‌హౌస్. ఎక్కడికి వెళ్లినా నవ్వులే. చివరికి ఒక గుమాస్తా జాలిపడి పైకి కబురు పంపితే, పాత కట్టడాలు చూసే ఆఫీసరు ఒకాయన జీపులో దిగాడు. ఆయన ఊ అంటే బండలు మిగులుతాయి, ఊహూ అంటే కంకరైపోతాయి.

"దండం సారూ! గీ మూతబండ సూడుండ్రి. మంత్రమేస్తే గాల్లో తేలుకుంట వచ్చి..."

"అదంతా సరే పెద్దాయనా," అన్నాడు ఆఫీసరు, ప్రతి గుడిలోకీ వంగి చూసి వచ్చి. "ఇవి పాతకాలం సమాధుల్లా ఉన్నాయి. నిధుల కోసం ఎవరో తవ్వేశారు, అన్నీ ఖాళీ. ఖాళీ బండలు చూపిస్తే పైవాళ్లు వినరు. కుండలు, ఎముకలు ఏమైనా దొరికాయా? ఒక్కటి చూపించు, ఇప్పుడే పని ఆపిస్తాను."

బీరన్న నెత్తి కొట్టుకున్నాడు.

దొరక్కేం! పోయిన వానాకాలం మట్టి కొట్టుకుపోయి, ఒక బండ కింద నుంచి పెద్ద కుండ బయటపడింది. దాని నిండా ఎముకలే. చూసి బీరన్న ప్రాణం ఉసూరుమంది. ఎవరి పెద్దలో ఏమో, దిక్కులేకుండా పడి ఉన్నారు. చచ్చినవాళ్ల బొక్కలు మంద దగ్గర ఉంటే గొర్లకు మంచిది కాదు, పోయినవాళ్లకూ శాంతి ఉండదు. అందుకే కుండతో సహా గంపలో పెట్టి, పసుపూ కుంకుమా చల్లి, తీసుకెళ్లి సాగర్ కాలువలో కలిపి, కట్టుబట్టలతో మునిగి వచ్చాడు. కన్నతండ్రికి ఎలా చేశాడో అలాగే చేశాడు. పవర్‌హౌస్‌కూ ఆ బొక్కలకూ సంబంధం ఉంటుందని ఆయనకు కలలో కూడా తట్టలేదు.

"ఉండె సారూ! కుండ నిండ బొక్కలుండె! నేనే కాలువల కలిపిన!"

ఆఫీసరు ముఖం చిట్లించాడు. "ఇంతసేపూ పవర్‌హౌస్ అన్నావు. నేను ఎముకలు అడగ్గానే ఎముకలు కూడా వచ్చాయా?"

"అబద్ధం కాదు సారూ, నా పిల్లల మీద ఒట్టు!"

"నేను గూడ కండ్లార సూసిన సారూ," అంటూ మంద దగ్గరున్న సత్తమ్మ ముందుకొచ్చింది.

క్రషర్ దగ్గర నిలబడ్డ కాంట్రాక్టరు పక్కున నవ్వాడు. "ఆవిడింకేం చెబుద్దండీ, మొగుడు చెప్పమన్నదేగా!"

ఆఫీసరు నవ్వలేదు. కానీ జీపెక్కాడు. బీరన్న దాని వెనకాలే, "సారూ, సారూ," అంటూ రోడ్డు దాకా పరిగెత్తాడు. ఏళ్ల తరబడి చెప్పిందంతా ఎవరి నోటో విన్నదే. కళ్లతో చూసింది, చేతులతో ఎత్తింది ఈ ఒక్కటే, దీన్నే ఆఫీసరు నమ్మలేదు.

మధ్యాహ్నానికి క్రషర్ మొదలైంది. ఆ మోతలో బీరన్న భార్య చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

"సర్కారు దాసింది, సర్కారు దాసింది అని ఊరంత మొత్తుకుంటి గదనే సత్తమ్మా! దాసింది నేనేనే!"