గుండీలు లేని స్తెఫను సారు

స్తెఫను సారుకు గుండీలంటే పడదు. పదకొండు వందల ఏళ్ల కిందట ఐరోపాలో మామూలు జనం గుండీలు లేకుండానే బతికారనీ, అందుకే వాళ్లు హాయిగా ఉన్నారనీ ఆయన నమ్మకం. ఆయన దిల్‌సుఖ్‌నగర్ బడిలో చరిత్ర చెబుతాడు. కాపురం కొత్తపేటలో. భార్య ఎస్తేరమ్మకు మాత్రం ఆ ఐరోపా జనం వల్ల నిద్ర కరువైంది.

అది 1969 వేసవి. తెలంగాణ ఉద్యమంతో బడులు మూతపడ్డాయి. ఒకరోజు లాఠీచార్జి, మర్నాడు కర్ఫ్యూ. పని లేని సారు బడి లైబ్రరీలోంచి తెచ్చిన బొమ్మల పుస్తకం ముందేసుకుని, ఎస్తేరమ్మ కుట్టుమిషను ఎక్కాడు. తల దూరే కంత ఒక్కటి వదిలి మోకాళ్ల దాకా అంగీ కుట్టాడు. నడుముకు తోలుపట్టీ, దానికో సంచి, పిక్కల చుట్టూ గుడ్డ పట్టీలు. పైన గొర్రెలకాపరుల గొంగడి కప్పుకుని, కుడి భుజం మీద ఎస్తేరమ్మ పిన్నీసుతో బిగించాడు.

“గిదేం వేషం?” అంది ఆమె.

“వేషం గాదు ఎస్తేరూ. అప్పటి రైతు దినాం కట్టుకునే బట్టలే గివి. జేబుల్లేవు, గుండీల్లేవు.”

“సిగ్గు గూడ లేదా వాళ్లకు?”

“చలి ఉండె.”

“మనకు ఎండలున్నయి!”

వింటేగా? రోజూ ఆ బట్టల్లోనే దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తా దాకా నడిచి వచ్చేవాడు. గొంగడి కింద రాళ్లున్నాయేమోనని పోలీసులు ఆపారు. సారు గొంగడి విప్పి, ఉన్ని గురించి చెప్పడం మొదలుపెట్టేసరికి వాళ్లే కప్పి పంపారు. పోలీసులు చుట్టుకునేలాంటి పట్టీలు పిక్కలకు చూసి ఉద్యమం పిల్లలు ఆపారు.

“సార్, మీరు పోలీసోళ్లల్ల కలిసిన్రా?”

ఆయన రోడ్డు మీదే కూర్చుని ఒక కాలి పట్టీ మొత్తం విప్పి, మళ్లీ ఎట్లా చుట్టాలో నేర్పించాడు. సగం మంది పారిపోయారు. ఆయన ఇల్లు చేరేదాకా ఎస్తేరమ్మకు ముద్ద దిగేది కాదు. ఏ లాఠీ తగిలిందో, ఏ రాయి తగిలిందో అని గేటు పట్టుకుని నిలబడేది.

పక్క పోర్షన్‌లో భానుమూర్తి కిరాయికి ఉండేవాడు. కోస్తా నుంచి వచ్చిన గుమాస్తా. చౌరస్తాలో ఆపి ఏ ఊరని అడుగుతున్నారనీ, ఆంధ్రావాళ్లని తెలిస్తే కొడుతున్నారనీ విన్నాక ఆయన గడప దాటలేదు. భార్య వేదవతికి నెలలు నిండాయి.

ఒక పొద్దున ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. బస్సుల్లేవు, రిక్షాల్లేవు. దవాఖాన మలక్‌పేట అవతల. ఎస్తేరమ్మ ఉరుకులు పరుగుల మీద తోపుడుబండి అడిగి తెచ్చి, పరుపు వేసి వేదవతిని ఎక్కించింది. తీరా చూస్తే మొగుడు ఇంకో అంగీ, ఇంకో గొంగడి పట్టుకుని వస్తున్నాడు.

“పాణం మీదికొస్తే గిప్పుడు గూడ గవేనా!”

సారు ఆ అంగీ భానుమూర్తి తల మీంచి తొడిగాడు. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. పైన గొంగడి కప్పి, కుడి భుజం మీద పిన్నీసు పెట్టాడు.

“మాస్టారూ, నాకెందుకండీ ఇది?”

“గా మీ యాసనే వద్దంటున్న. దవాఖాన దాకా నోరు తెరవకుండ్రి.”

మగవాళ్లిద్దరూ బండి తోస్తుంటే, ఎస్తేరమ్మ వేదవతి చెయ్యి పట్టుకుని యేసయ్యను తలుచుకుంటూ నడిచింది. చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు, కట్టెలతో కుర్రాళ్లు. ఒకడు ముందుకొచ్చాడు.

“సార్, గీయనెవరు? ఏ ఊరు?”

ఎస్తేరమ్మ బండికి అడ్డంగా జరిగింది. భానుమూర్తి పెదవులు కదిలాయి.

“తొమ్మిదో శతాబ్దం!” అని సారు గట్టిగా అందుకున్నాడు. “గా పిన్నీసు జూడు. కుడి భుజానికే ఎందుకు పెట్టిన్రు? చెప్పు!”

“సార్, నేను ఊరడిగితే...”

“కుడిచెయ్యి పనికి ఖాళీగుండాలె గనక! గిప్పుడు లోపలి నారబట్ట సంగతి...”

“సార్, బడి బందున్నా పాఠమేనా? పోండ్రి సార్, మీకు దండం!”

“అరే, ఇద్దరైన్రు రా!” అని వెనకెవడో నవ్వాడు. అంతలో వేదవతి “అమ్మా!” అని మూలిగింది. కట్టె పట్టుకున్నవాడు బండిలోకి తొంగిచూసి, కట్టె పారేసి తనే రాళ్లు పక్కకు దొర్లించాడు.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. దవాఖాన అరుగు మీద కూలబడ్డ ఎస్తేరమ్మ మొగుణ్ణి నిలదీసింది.

“గాయన కొలతలెప్పుడు తీసిన్రు?”

“తీగ మీద ఆరేసిన షర్టు జూసి.”

“మరి దినాం చౌరస్తాకెందుకు పోయిన్రు?”

సారు గొంతు తగ్గించాడు. “వేదవతమ్మకు నెలలు నిండుతున్నయి గద. చౌరస్తాల ఒక పిచ్చోడు అలవాటైతే, రెండో పిచ్చోణ్ణి ఎవరూ గట్టిగ అడగరు.”

ఎస్తేరమ్మ చెయ్యి చాచి ఆయన భుజం మీది పిన్నీసు సరిచేసింది.

ఆ పక్కనుంచి భానుమూర్తి నెమ్మదిగా చెయ్యెత్తాడు. “మాస్టారూ, ఇప్పుడు నేను మాట్లాడొచ్చాండీ?”

నర్సు బిడ్డను తెచ్చి, చుట్టడానికి మెత్తటి గుడ్డ ఉందా అని అడిగింది. సారు ముఖం వెలిగింది.

“గా కాలంల పసిపిల్లలను గుడ్డ పట్టీలతోని...” అని మొదలుపెట్టి, భార్య వైపు చూసి టక్కున ఆగాడు.

ఎస్తేరమ్మ కొంగు సర్దుకుని ఆయన పక్కకు జరిగింది.

“ఆగిన్రేంది? చెప్పుండ్రి, ఇంటున్న.”