కుక్కకు కాలు, యజమానికి కసరత్తు

కుక్క కాలు పాడైతే యజమాని చేత గుంజీలు తీయించే డాక్టరు లోకం మొత్తానికి ఒక్కడే ఉంటాడు. ఆ ఒక్కడూ మన టైలరమ్మకే దొరికాడు. ఆపరేషన్ అయిన కుక్కలను మళ్ళీ నాలుగు కాళ్ళమీదా నడిపించడం ఆయన వృత్తి. అంతవరకు బాగానే ఉంది. కానీ కుక్కకు ఏ కసరత్తు చెప్పినా సరే, ఆ వెంటనే యజమాని వైపు తిరిగి "ఊఁ, మీరు కూడా!" అంటాడు.

టైలరమ్మ కుక్క పేరు బొత్తాం. పేరుకే బొత్తాం, మనిషి దూడంత ఉంటాడు. వెనక కాలి మోకాట్లో లిగమెంటు తెగితే సర్జన్ సరిచేసి, ఇక ఫిజియోథెరపీకి పొమ్మన్నాడు. మొదటిరోజే డాక్టరు బొత్తాంను నాలుగైదుసార్లు కూర్చోబెట్టి, లేపి, "శభాష్!" అని వీపు తట్టి, ఆమె వైపు తిరిగాడు.

"ఊఁ, మీరు కూడా!"

"నేనెందుకండీ? కాలు పోయింది వాడికి!"

"మీరు చూస్తూ కూర్చుంటే వాడికి చిన్నతనంగా ఉంటుందమ్మా."

"కుక్కకు చిన్నతనమేమిటండీ, మీ చోద్యం గానీ!"

"కుర్చీ చేతులు పట్టుకోకూడదు. లేవండి."

ఆమె చచ్చినట్టు లేచింది. కుర్చీ కిర్రుమంది. మోకాళ్ళు అంతకంటే గట్టిగా కిర్రుమన్నాయి.

ఆ క్లినిక్‌లో ఎవరి పరువూ దక్కేది కాదు. ఒక గాజు తొట్టె, అందులో నీళ్ళు, నీళ్ళ కింద ట్రెడ్‌మిల్‌లా కదిలే పట్టీ. కుక్క ఆ పట్టీమీద నడుస్తుంటే, యజమాని అద్దం ఇవతల నిలబడ్డచోటే అదే వేగంతో నడవాలి. నేలమీద వరసగా పేర్చిన కర్రలను కుక్క దాటితే, వెనకాలే యజమానీ దాటాలి. రిటైరైన జడ్జిగారు ఒకాయన తన బొచ్చుకుక్క వెనక ఒంటికాలిమీద నిలబడి, "ఇది ఏ చట్టంలో ఉందయ్యా?" అని గద్దించాడు. "మీ కుక్కకు చట్టాలు చదవడం రాదు సార్. రెండో కాలు!" అన్నాడు డాక్టరు. జడ్జిగారు కాలు మార్చాడు.

టైలరమ్మ ఇల్లు మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. భర్త పోయిన తరవాత, మోకాళ్ళు మొరాయించిన తరవాత, కిందికి దిగడమే మానేసింది. కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట వదిలితే కూరలూ కుట్టాల్సిన బట్టలూ అందులోనే పైకొచ్చేవి. బుట్టకు మాట్లాడే నోరు లేదు కదా. రోజంతా గడిచిపోయేది, బొత్తాంతో తప్ప ఇంకెవరితోనూ మాట కలిసేది కాదు. వాడికీ ఆ సంగతి తెలుసేమో, జాకెట్టు కొలతల గురించి చెప్పినా బుద్ధిగా వినేవాడు.

ఇప్పుడు క్లినిక్‌కు వెళ్ళాలంటే ఆమె గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగుతోంది. వాణ్ణి దుప్పట్లో వేసి మెట్లమీద మోయడానికి కింది దుకాణాల వాళ్ళు వస్తున్నారు గానీ, వాళ్ళ ముఖాలు ముడుచుకుపోతున్నాయి. ఈలోగా తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, ఆదివారం వస్తున్నా. బొత్తాం తనంతట తాను మెట్లెక్కితే సరే. లేదంటే తోట ఉన్న స్నేహితుడొకడున్నాడు, వాడికిచ్చేద్దాం. నువ్వు మా ఇంటికొచ్చెయ్. నీ మరదలికి కుక్కలంటే పడదు, తెలుసుగా."

తమ్ముడు చెడ్డవాడు కాడు, అదే ఆమె బాధ. చెడ్డవాడైతే నాలుగు చీవాట్లు పెట్టి ఫోన్ పెట్టేసేది. ఒంటరిగా ఉండటం ఆమెకు అలవాటే. బొత్తాం కూడా లేని ఒంటరితనం మాత్రం అలవాటు చేసుకోదలుచుకోలేదు.

అప్పటినుంచి కసితీరా కసరత్తు చేసింది. ఇంట్లో కుర్చీలోంచి లేచి కూర్చుంది, చీపురుకట్ట దాటింది, గోడ పట్టుకుని ఒంటికాలిమీద నిలబడింది. బొత్తాం పక్కనే అన్నీ చేశాడు. తీరా మెట్ల దగ్గరికొచ్చేసరికి, నాలుగు మెట్లెక్కి ఆగిపోయి వెనక్కి చూసేవాడు. లాగినా కదిలేవాడు కాడు. ఆదివారం దగ్గరికొచ్చేసరికి ఆమె తల ప్రాణం తోకకొచ్చింది.

"ఈ వయసులో నా చేత కోతిగంతులన్నీ వేయించారు! వాడి కాలు మాత్రం బాగుచెయ్యలేకపోయారు!" అని డాక్టరు మీద విరుచుకుపడింది.

డాక్టరు బొత్తాం తాడు అందుకుని క్లినిక్ మెట్లెక్కాడు. బొత్తాం ఆయన్నే లాక్కుంటూ పరిగెత్తినట్టు పైకి పోయాడు. పైకెళ్ళి వెనక్కి చూశాడు. ఆమె ఇంకా కింది మెట్టు దగ్గరే ఉంది. అంతే, తాడు విడిపించుకుని దిగొచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"వాడి కాలు బాగై చాలా రోజులైందమ్మా. మెట్లమీద ఆగేది కాలునొప్పికి కాదు, మీరు వెనకబడ్డారని."

టైలరమ్మ తన మోకాళ్ళ వైపు చూసుకుంది.

"మీరు మొదటిరోజు గుమ్మంలోకి వస్తుంటేనే చూశాను. కుంటుతున్నది ఇద్దరు."

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా?"

"చెబితే ఏం చేసేవారు?"

ఆమె నిజాయితీగా ఆలోచించింది. "మీకెందుకండీ అని ఇంటికెళ్ళిపోయేదాన్ని."

"అదే మరి. ఎదురుచూసేవాళ్ళు లేని ఇంట్లో ఎవరూ తమ కోసం కసరత్తు చెయ్యరు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. కుక్క కోసమంటే మాత్రం జడ్జిలు కూడా ఒంటికాలిమీద నిలబడతారు." "ఇప్పుడు మీరు ముందు ఎక్కండి," అన్నాడు.

ఆమె ఎక్కింది. నెమ్మదిగానే, కానీ గోడ పట్టుకోకుండా. బొత్తాం ఆమె పక్కనే ఎక్కాడు, ఎక్కడా ఆగలేదు.

ఆదివారం తమ్ముడు వచ్చాడు. టైలరమ్మా బొత్తామూ వీధిలోకి దిగొచ్చి మరీ ఎదురెళ్ళారు. ముగ్గురూ మెట్లెక్కడం మొదలుపెట్టారు. అక్క డాక్టరు గురించీ, జడ్జిగారి ఒంటికాలి గురించీ మాట్లాడుతూనే ఎక్కింది. చాలాకాలం పోగుపడిన మాటలు కదా, మూడో అంతస్తుకు చేరేదాకా ఆపలేదు. చేరాక చూస్తే పక్కన బొత్తాం లేడు.

గబగబా వంగి చూసింది. రెండో అంతస్తు మలుపులో తమ్ముడు మెట్ల కమ్మీ పట్టుకుని, రొప్పుతూ మెట్టుమీద కూలబడి ఉన్నాడు. బొత్తాం అతని పక్కనే నిలబడి, ఎప్పుడు లేస్తాడా అని ఓపిగ్గా ముఖంలోకి చూస్తున్నాడు.

"అక్కా," అన్నాడు తమ్ముడు, ఊపిరి అందాక. "ఆ డాక్టరు నంబరివ్వు."

"ఆయన కుక్కల డాక్టరురా!"

"తెలుసులే," అని తమ్ముడు బొత్తాం మెడమీద చెయ్యి వేసుకుని లేచాడు. "నీ మరదలికి నేను చెప్పుకుంటాను. నాక్కూడా ఒక కుక్కను చూసిపెట్టు."