జీపు చీలికలూ, నా నాలుగో తరగతీ

ఆ రోజుల్లో మా సముద్రపు ఒడ్డు పల్లెలకు రోడ్డంటూ ఉండేది కాదు, ఇసుక దయతలిచి వదిలినంత మేర దోవ. ఈ ముచ్చట ఇన్నేళ్లూ ఎందుకు రాయలేదని మనవరాలు అడిగింది. రాయడం రాక! అరవై రెండో ఏట దాని రెండో తరగతి వాచకం పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాను. అంతకుముందు నాకు రాయడం వచ్చిన మాట ఒకే ఒక్కటి. అది ఎలా వచ్చిందో చెబుతాను, నవ్వకుండా వినండి (నవ్వినా ఫర్వాలేదు, అప్పుడూ అందరూ నవ్వారు).

పదహారేళ్లప్పుడు, విడవలూరు వైపు పల్లెల్లో టీకాలు వేసే నర్సమ్మగారి దగ్గర సాయానికి చేరాను. చదువొచ్చిన పిల్లే కావాలన్నారామె. నేను తడుముకోకుండా "నాలుగు దాకా చదివినానమ్మా" అన్నాను. ఆమె చర్చి పాటల పుస్తకం తెరిచి చేతికిస్తే, ఆదివారాలు విని నోటికొచ్చిన కీర్తనొకటి గడగడా పాడేశాను. పని దొరికింది. ఎర్ర మందు పొట్టి సీసాలో, తెల్ల మందు బిరడా విరిగిన సీసాలో అని గుర్తులు పెట్టుకుని నెట్టుకొచ్చాను. పట్టుబడితే మళ్లీ నాట్లకు పోవాలి, జీపెక్కి ఊళ్లు తిరిగే భాగ్యం పోతుంది. నా భయమంతా అదే.

అది మిలిటరీ వాళ్లు వాడి వదిలేసిన పాత జీపు. ఇసుక దిబ్బ వస్తే చాలు, పొట్ట ఆనించి కూర్చునేది. తోసీ తోసీ విసిగిపోయిన డ్రైవరన్న, ముందు స్ప్రింగులకు వేలాడే ఇనప పట్టీలను కమ్మరి తాత చేత పొడుగు చేయించి బిగించాడు. జీపు ముందు భాగం బెత్తెడు లేచింది. "చూసినావా మే, ఒంటె మాదిరి ఎట్టుండాదో!" అని మురిసిపోయాడు. ఒంటె సంగతేమో గానీ, ఆ రోజు నుంచి అది కల్లు తాగినవాడి నడక నడిచింది. స్టీరింగు ఒకసారి తిప్పితే మళ్లీ తిన్నగా రాదు, చక్రాలు తోచిన దిక్కుకు పోతాయి. రెండు రోజులు జీపు కింద పడుకుని చూసి డ్రైవరన్న జబ్బు కనిపెట్టాడు. "సైకిలు ముందు ఫోర్కు చూడు మే, పైభాగం ఎనక్కి వాలుండాది గదా. అందుకే చేతులు వదిలినా తిన్నగా పోతాది. పట్టీలు పొడుగైనాక మన ఇరుసు ముందుకు తూలింది. స్ప్రింగుకూ ఇరుసుకూ నడుమ, ఒక కొన లావు, ఇంకో కొన సన్నం ఉండే ఇనప చీలికలు పెడితే ఎనక్కి వాలతాది."

నర్సమ్మగారు మాత్రం ఒకే మాట అన్నారు. "ఈ రోజు కూడా వంకర పోయిందంటే రేపట్నుంచి ఎడ్లబండి. అందులో నాకూ, మందుల పెట్టెకూ మాత్రమే చోటు." కొలిమికి పరుగెత్తాను. కమ్మరి తాత రెండు చీలికలు చేతిలో పెట్టి, "లావు కొన ఎటుండాలో దానిమీదే సుద్దతో రాసుండా, అన్నకియ్యి పో" అన్నాడు. నేను తిరిగొచ్చేసరికి డ్రైవరన్న బోల్టులు ఊడదీసి జీపు కింద దూరి ఉన్నాడు. బయటికి పాదాలే కనిపిస్తున్నాయి. "కంట్లో దుమ్ము పడింది మే. లావు కొనమీద ఏం రాసినాడో చదువు. ముందనా, ఎనకనా?"

సుద్ద గీతల వంక చాలాసేపు చూశాను (చదువుకున్న వాళ్లు అలాగే చూస్తారని నా నమ్మకం). మా నాయన నాగలికి చీలికను వెనక నుంచే కొడతాడు. "ఎనక, అన్నా!" అన్నాను ధైర్యంగా.

బయలుదేరాం. గుడి మలుపు దాటిందో లేదో, జీపు తల విదిలించి, దోవ వదిలి, గట్టు దిగి, సరాసరి ఉప్పు పండించే కయ్యలోకి పోయి నిలబడింది. ఉప్పు గోకుతున్న ఆమె నడుం నిటారు చేసి, "యోవ్, కూరలోకి కావాలంటే అడిగితే ఇయ్యనా? బండేసుకుని రావాల్నా!" అంది. డ్రైవరన్న కిందికి వంగి చీలిక మీది సుద్ద రాత చూశాడు. "మే, ఇది ‘ముందు’ గదా!"

నాకు ఏడుపొచ్చేసింది. "నాకు చదువు రాదన్నా" అన్నాను.

నర్సమ్మగారు గొడుగు మూసి నవ్వారు. "మొదటి రోజే తెలుసు. నేను తెరిచి ఇచ్చింది పాటల పట్టిక. అందులోంచి నువ్వు నాలుగు చరణాలు పాడావు."

"మరి పనిలో ఎందుకు పెట్టుకున్నారమ్మా?"

"టీకా వేస్తే పిల్లలు ఏడుస్తారు. పాడేవాళ్లు ఒకరు కావాలి గదా."

"ఆ తెలిసిందేదో నాకూ చెప్పుంటే ఉప్పులో దిగే పని తప్పేది గదమ్మా!" అని డ్రైవరన్న నెత్తి కొట్టుకున్నాడు.

ఉప్పు కయ్యలోనే, మోకాళ్లు మండుతుండగా, చీలికలు తిప్పి బిగించాం. లావు కొన ముందుకు. కయ్యలవాళ్లంతా చేయేసి గట్టెక్కించారు. ఇక చూడాలి! మలుపు తిరగ్గానే స్టీరింగు దానంతటదే తిన్నగా వచ్చేసింది. సరుగుడు తోట పక్కన డ్రైవరన్న రెండు చేతులూ వదిలేశాడు. "పట్టుకో నాయనా, పట్టుకో!" అని నర్సమ్మగారు, "వదిలెయ్యన్నా, వదిలెయ్!" అని నేను. ఇసుక దిబ్బ మీద నుంచి పొట్ట తగలకుండా దూకి, సముద్రం కనబడేదాకా గీత గీసినట్టు పోయింది. ఆ పదహారేళ్ల పిల్ల వేసిన కేకలు తలుచుకుంటే ఈ ముసలిదానికి ఇప్పటికీ కుర్చీలో కాలు నిలవదు.

మర్నాడు పొద్దున్నే కొలిమికి పోయి, కమ్మరి తాత చేత ఆ మాట మళ్లీ రాయించుకుని, బూడిదలో వేలితో ఇరవై సార్లు దిద్దాను. అక్కడి సుద్దముక్క ఒకటి కొంగున కట్టుకుని జీపు దగ్గరికి వచ్చాను. ముందంతా దీపాలూ, సందులే, రాయడానికి చదునైన చోటే లేదు. అందుకని జీపు వెనక రేకు మీద, జానెడేసి అక్షరాలతో ‘ముందు’ అని రాసి, రెండడుగులు దూరం జరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసుకున్నాను.