గీతొకటి, అంకె ఒకటి

ఆ షెడ్డులో ఆమెను అందరూ గీతలక్క అంటారు. మెట్ల రెయిలింగులు, గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే షెడ్డు అది. కింద కోత యంత్రాల రొద, వెల్డింగు మెరుపులు. ఇనప మెట్లెక్కితే ఒక రేకుల గది, అందులో ఒక కంప్యూటరు, దాని ముందు గీతలక్క. పెళ్ళికి ముందు బల్ల మీద కాగితం పరిచి పెన్సిలుతో గీసేది. తర్వాత మౌసు పట్టింది. ఏది పట్టినా నడుం నొప్పి మాత్రం మారలేదు.

డ్రాయింగు సాఫ్ట్‌వేర్‌కు ఏటా కట్టే చందా ఈసారి బాగా పెరిగింది. ఆ మెయిలు చూసి యజమాని పైకొచ్చాడు.

"ఇంత పోసి గీయించే బదులు బయట ఆఫీసుకు ఇచ్చేస్తే పోదా? వాళ్ళు త్రీడీ బొమ్మ కూడా చేసిస్తారట."

"మరి నేను?"

"అదే చెప్తున్నానమ్మా. త్రీడీ వచ్చేది, చవకలో దొరికేది ఏదైనా ఉంటే నువ్వే చూడు. నెలాఖరులోగా తేల్చు. లేదంటే నా చేతుల్లో ఏం లేదు."

షెడ్డు ఆయనది, డబ్బు ఆయనది, నిర్ణయం కూడా ఆయనదే.

ఇంట్లో ఆమె జీతమే ఆధారం. భర్త గోడౌనులో కాపలా ఉంటాడు. మోకాళ్ళు అరిగాక సగం రోజులే పనికి పిలుస్తున్నారు.

"ఏమైనా తేలిందా?" అన్నాడాయన ఓ సాయంత్రం, ఆమె చెప్పులు విడవకముందే.

"ఏం తేలుతుంది? ఒకటి చవకే, హాయిగా ఉంది, త్రీడీ రాదు. ఇంకోటి నెట్ లేకపోతే కదలదు. మూడోది ఉచితం, త్రీడీ కూడా వస్తుంది. అది తెరుచుకునేలోపు టీ కాచుకుని తాగొచ్చు."

"నన్ను చేసుకునేటప్పుడు కూడా ఇన్ని వంకలు పెట్టలేదు నువ్వు."

"అప్పుడే పెట్టాల్సింది."

చివరికి ఉచితందాన్నే పట్టుకుంది. పాత సాఫ్ట్‌వేర్‌లో ఎడమచేతి వేళ్ళు వాటంతటవే నొక్కే అక్షరాలు ఇందులో పనిచేయవు. గీత గీయబోతే ఇంకేదో పెట్టె తెరుచుకునేది. కళ్ళు మంటలెత్తేదాకా కూర్చుని మళ్ళీ ఓనమాలు దిద్దుకుంది. నెలాఖరు దగ్గర పడుతుండగా, పాత గిరాకీ ఒకాయన అదే రెయిలింగు మళ్ళీ కావాలన్నాడు. ఆమె పాత డ్రాయింగు తెరిచి, దాని గీతల మీద త్రీడీ బొమ్మ కట్టింది. కొలతల్ని సాఫ్ట్‌వేరే వేసింది. బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి యజమాని మురిసిపోయాడు. కొలతలతో ప్రింటు తీసిన కాగితం కింద వెల్డర్ల దగ్గరికి వెళ్ళింది.

కాసేపటికి పెద్ద వెల్డరు ఆ కాగితం ఊపుకుంటూ పైకొచ్చాడు.

"అక్కా, నిలువు పైపు 874 మిల్లీమీటర్లు అంటావేంటి? పోయినసారి 900 కోశాం కదా! నీ పాత కాగితం ఇంకా నా దగ్గరే ఉంది."

"ఉచితానికొచ్చింది ఇలాగే ఏడుస్తుంది. దీనికి లెక్కలు కూడా రావు," అన్నాడు యజమాని.

గీతలక్క పాత డ్రాయింగు తెరిచి ఆ పైపు గీత మీద నొక్కి చూసింది. ఆమెకు విషయం అర్థమైంది. సైటులో కొలత మారిందని ఫోన్ వచ్చినప్పుడల్లా, గీతను కదిలించకుండా దాని మీది అంకె ఒక్కటే చెరిపి కొత్తది కొట్టేది. వెల్డర్లు అంకె చూసి కోస్తారు, గీత పొడవు ఎవరూ కొలవరు. ఇన్నేళ్ళూ బండి అలాగే నడిచింది. ఈ కొత్త సాఫ్ట్‌వేర్ ఆమె కొట్టిన అంకెను పట్టించుకోలేదు. గీతను కొలిచింది.

"అది సరిగ్గానే కొలిచిందండీ. గీతే తప్పు."

"గీసిందెవరు?"

"నేనే. 'మళ్ళీ గీస్తూ కూర్చోకు, అంకె మార్చి పంపెయ్' అని ఫోన్‌లో అరిచింది మీరు."

వెల్డరు నవ్వు ఆపుకోవడానికి దగ్గు తెచ్చుకున్నాడు.

"ఇలాంటివి ఎన్నున్నాయి?" అన్నాడు యజమాని, గొంతు తగ్గించి.

"ఇలా లేనివి అడగండి, తొందరగా చెప్పేస్తాను."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మరి ఈ ఫైళ్ళు బయటివాళ్ళకిస్తే?"

"వాళ్ళు బొమ్మ కట్టేదీ ఈ గీతల మీదేగా. లేదంటే గీత నిజమా, అంకె నిజమా అని ప్రతిదానికీ మీకు ఫోన్ చేస్తారు."

"నాకేం తెలుసు?"

"అదే కదా."

ఆయన బయటి ఆఫీసు మాట ఇక ఎత్తలేదు.

"సరే, ఈ ఉచితందే ఉండనీ. కంప్యూటరుకు మెమరీ వేయిస్తాను. పాత డ్రాయింగులన్నీ నువ్వే సరిచెయ్. కొత్త పనులు మాత్రం ఆగకూడదు."

"పని రెండింతలవుతుంది. జీతం సంగతి?"

"చూద్దాంలే," అంటూ ఆయన మెట్లు దిగిపోయాడు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఉద్యోగం ఉంటుందని చెప్పింది.

"హమ్మయ్య! నీ పని బాగుందన్నారా?" అన్నాడు భర్త.

"కాదు. నేను చేసిన కంగాళీ నాకు తప్ప ఇంకెవరికీ అర్థం కాదని తేలింది."

"ఏదైతేనేం, నిలబడింది కదా. ఎన్నాళ్ళు పడుతుంది సరిచేయడానికి?"

"తెలీదు," అంది ఆమె చాప లాక్కుంటూ. "ముందు కాస్త నడుం వాల్చనీ."